కోడిమాంసం, ట్రక్కు, రొయ్య: వాణిజ్య సుంకాల వెనుక రాజకీయం

వ్యాససంగ్రహం:
పెద్ద వాణిజ్య దేశాల మధ్య సుంకాలు సరుకు స్వభావాన్ని బట్టి కాక రాజకీయ అవసరాన్ని బట్టి నిర్ణయమైన సందర్భాలు అనేకం. 1963లో అమెరికా, పశ్చిమ ఐరోపాల మధ్య కోడిమాంసం విషయంలో తలెత్తిన వివాదం ట్రక్కుల మీద సుంకంగా మారి, ఆరు దశాబ్దాలు దాటినా నిలిచి ఉన్న తీరును ఈ వ్యాసం వివరిస్తుంది. ఆ నేపథ్యంలో 2018, 2025 సంవత్సరాల సుంకాలను, వాటిలో ఆంధ్ర తీరపు రొయ్య చిక్కుకున్న విధానాన్ని పరిశీలిస్తుంది.

కీలకపదాలు: దిగుమతి సుంకం, ప్రతీకార సుంకం, కోడిమాంసం వివాదం, ఐరోపా ఆర్థిక సమాజం, సోయా, రొయ్యల ఎగుమతి, మోటుపల్లి శాసనం.

ఉపోద్ఘాతం:

అమెరికా దిగుమతి సుంకాల పట్టికలో ఒక విచిత్రం ఉన్నది. ప్రయాణికుల కారుకు దీర్ఘకాలంగా అమలులో ఉన్న సాధారణ సుంకం 2.5 శాతం. అదే కర్మాగారంలో, అదే ఇంజనుతో తయారైనా, వెనుక సీట్ల స్థానంలో సామాను వేసుకునే తొట్టి ఉంటే ఆ బండి పికప్ ట్రక్కు అవుతుంది. దానికి సుంకం 25 శాతం, అంటే పదిరెట్లు. ఈ తేడాకు కారణాన్ని యంత్రశాస్త్రంలో వెతికితే దొరకదు. అర్థశాస్త్రంలో వెతికినా దొరకదు. ఏ దేశం ఏ వస్తువును ఇతర వస్తువులతో పోల్చినప్పుడు తక్కువ ఖర్చుతో తయారుచేయగలదో దానినే తయారుచేసి అమ్ముకోవడం ఉభయులకూ లాభమని డేవిడ్ రికార్డో 1817లో ప్రతిపాదించాడు. ఆ సిద్ధాంతం ఇప్పటికీ పాఠ్యగ్రంథాలలో తొలి అధ్యాయాలలోనే ఉంటుంది. కాని ట్రక్కు మీద 25 శాతం ఎందుకో తెలియాలంటే 1960ల నాటి జర్మన్ వంటింటిలోకి, అమెరికా ఎన్నికల లెక్కల్లోకి తొంగిచూడవలసి వస్తుంది.

రాజకీయ కారణంతో పుట్టిన సుంకానికి రెండు లక్షణాలున్నాయని ఈ వ్యాసకర్త అభిప్రాయం. వివాదం ఒక సరుకుది అయితే దెబ్బ మరొక సరుకు మీద పడుతుంది. వివాదం ముగిసిన తరువాత కూడా సుంకం మిగిలిపోతుంది. మొదటి లక్షణాన్ని చాలామంది గుర్తిస్తారు. రెండవది అంతగా చర్చకు రాలేదు.

కోడిమాంసం వివాదం:

రెండవ ప్రపంచ యుద్ధానంతరం అమెరికాలో కోళ్ల పెంపకం ఇంటి పెరటి నుంచి షెడ్డులోకి మారింది. మేత, పిల్లల ఉత్పత్తి, మందులు, మాంసం శుద్ధి ఒకే సంస్థ అదుపులోకి వచ్చి బ్రాయిలర్ కోడి ధర గణనీయంగా పడిపోయింది. ఐరోపాలో అప్పటికి కోడిమాంసం పండుగల నాటి వంటకమే. అక్కడి మార్కెట్లోకి, ముఖ్యంగా పశ్చిమ జర్మనీలోకి, చౌకైన అమెరికా కోడి ప్రవేశించడంతో వాడకం పెరిగింది. స్థానిక రైతులలో ఆందోళన కూడా పెరిగింది.

1957లో రోమ్ ఒప్పందంతో ఫ్రాన్స్, పశ్చిమ జర్మనీ, ఇటలీ, బెల్జియం, నెదర్లాండ్స్, లక్సెంబర్గ్ కలిసి ఐరోపా ఆర్థిక సమాజంగా ఏర్పడ్డాయి. ఈ కలయికకు ఆధారమైన లోపాయికారీ లెక్క ఒకటి ఉన్నది. జర్మనీ పరిశ్రమలకు ఫ్రాన్స్ తన మార్కెట్ తెరవాలి, ఫ్రెంచి వ్యవసాయానికి జర్మనీ తన మార్కెట్ తెరవాలి. ఆ లెక్క కుదరాలంటే బయటి చౌక వ్యవసాయ సరుకును ఆపాలి. 1962లో ఉమ్మడి వ్యవసాయ విధానం కింద కోడిమాంసంపై కొత్త సుంకాలు అమలులోకి వచ్చాయి. పశ్చిమ జర్మనీలో పౌండుకు దాదాపు 5 సెంట్లు ఉన్న భారం 13 సెంట్లు దాటింది. అమెరికా ఎగుమతులు వేగంగా పడిపోయాయి.

అప్పటి ప్రపంచ పరిస్థితిని ఇక్కడ గుర్తుచేసుకోవాలి. 1961 ఆగస్టులో బెర్లిన్ గోడ లేచింది. పశ్చిమ జర్మనీ భద్రత అమెరికా సైన్యం మీద ఆధారపడి ఉన్నది. అటువంటి సమయంలో జర్మన్ ఛాన్సలర్ కొన్రాడ్ అడెనావర్, రెండేళ్లుగా తనకూ అధ్యక్షుడు కెన్నెడీకీ నడిచిన ఉత్తరప్రత్యుత్తరాలలో దాదాపు సగం కోళ్ల గురించేనని చమత్కరించినట్లు పత్రికలు రాశాయి. కోళ్ల పరిశ్రమకు పేరుపొందిన ఆర్కాన్సా రాష్ట్రానికి చెందిన సెనేటర్ విలియం ఫుల్‌బ్రైట్ విదేశీ వ్యవహారాల సంఘానికి అధ్యక్షుడు కూడా. నాటో కూటమి గురించిన చర్చలో ఆయన కోడి ప్రస్తావన తేవడంలో ఆశ్చర్యం లేదు. ఆయన స్వరాష్ట్రపు ఓటర్లకు అణ్వాయుధం కంటే కోడే దగ్గరి విషయం.

ఇరుపక్షాల మధ్య సంప్రదింపులు ఫలించలేదు. అమెరికా తన నష్టం 4 కోట్ల 60 లక్షల డాలర్లన్నది. ఐరోపా పక్షం 1 కోటి 90 లక్షలే అన్నది. సుంకాలు, వాణిజ్యంపై సాధారణ ఒప్పందం (గాట్) కింద ఏర్పాటైన నిపుణుల బృందం 1963 నవంబరులో 2 కోట్ల 60 లక్షల డాలర్లుగా తేల్చింది. ఆ మేరకు ప్రతీకారం తీర్చుకొనే హక్కు అమెరికాకు లభించింది.

దెబ్బ ట్రక్కు మీద ఎందుకు పడింది?

కెన్నెడీ హత్య తరువాత అధ్యక్షుడైన లిండన్ జాన్సన్ పదవి చేపట్టిన పన్నెండు రోజులకు, 1963 డిసెంబరు 4న, ప్రతీకార సుంకాల ప్రకటనపై సంతకం చేశాడు. అందులో నాలుగు సరుకులున్నాయి: బంగాళదుంప పిండి, డెక్స్‌ట్రిన్, ఖరీదైన బ్రాందీ, ట్రక్కులు. కోడి ఈ జాబితాలో లేదు, ఉండే అవకాశమూ లేదు. ఐరోపా కోడి అమెరికాకు వచ్చేది కాదు. కనుక నష్టం కలిగించగల వేరే సరుకులను ఏరవలసి వచ్చింది. బ్రాందీ ఫ్రాన్స్‌ను, పిండి సరుకులు నెదర్లాండ్స్‌ను, ట్రక్కు పశ్చిమ జర్మనీని ఉద్దేశించినవి. జర్మనీ నుంచి వచ్చే ట్రక్కులంటే ఆనాటికి ప్రధానంగా ఫోక్స్‌వాగన్ వ్యాన్లు, పికప్‌లు.

ఈ ఎంపికలో మరొక లెక్క కూడా ఉన్నదని తరువాత వెలుగులోకి వచ్చిన శ్వేతసౌధ సంభాషణల ధ్వనిముద్రణలు సూచిస్తున్నాయి. 1964 ఎన్నికల ముందు కార్ల కర్మాగారాలలో సమ్మె జరగకూడదు. పౌరహక్కుల కార్యక్రమానికి కార్మికసంఘం మద్దతు కావాలి. ఆటో కార్మికుల సంఘం నాయకుడు వాల్టర్ రూథర్‌కు ఫోక్స్‌వాగన్ దిగుమతుల పెరుగుదల మింగుడుపడని విషయం. కోడి రైతు తరఫున తీర్చుకొన్న ప్రతీకారం వాహన కార్మికుడికి కానుకగా చేరింది. కోడి రైతుకు దక్కిందేమీ లేదు.

గాట్ నియమాల ప్రకారం సభ్యదేశాలన్నింటికీ ఒకే సుంకం వర్తించాలి. మన పత్రికలు ‘అత్యంత అనుకూల దేశం హోదా’ అని రాసేది ఈ సూత్రాన్నే. దానివల్ల ఫోక్స్‌వాగన్‌ను దృష్టిలో పెట్టుకొన్న 25 శాతం ప్రపంచంలోని ట్రక్కులన్నింటికీ వర్తించింది. ఈ వివాదంతో ఏ సంబంధమూ లేని జపాన్‌పై ఆ తరువాతి దశకాలలో దీని భారం అన్నిటికంటే ఎక్కువగా పడింది. జపాన్ అమెరికాకు కోడినీ అమ్మలేదు, ఎవరి కోడినీ అడ్డుకోలేదు.

వివాదం ముగిసింది, సుంకం మిగిలింది:

నాలుగు సరుకులలో మూడింటిపై సుంకం కాలక్రమంలో తొలగిపోయింది. ట్రక్కు ఒక్కటే మిగిలింది. బ్రాందీ, పిండి సుంకాలను కాపాడుకోవాలనే బలమైన వర్గం అమెరికాలో లేదు. ట్రక్కు సుంకానికి మాత్రం కంపెనీలు, కార్మికసంఘాలు, కర్మాగారాలున్న రాష్ట్రాల ప్రతినిధులు అందరూ కాపలాదారులయ్యారు. తాత్కాలిక ప్రతీకారంగా మొదలైనది ఒక పరిశ్రమకు ప్రహరీగోడ అయింది. గోడ కట్టిన కారణాన్ని మరచిపోయినవారు కూడా దాని నీడను వదులుకోరు.

గోడ దాటడానికి జరిగిన ప్రయత్నాలు చదివితే నవ్వు వస్తుంది. 1970లలో జపాన్ ట్రక్కులు తొట్టి లేకుండా ముందుభాగం, చట్రం మాత్రమే ఓడ ఎక్కేవి. వాటికి 4 శాతమే సుంకం. అమెరికా నేల మీద తొట్టి బిగిస్తే ట్రక్కు సిద్ధం. ఈ దారిని వాడుకొన్నవారిలో జపాన్ నుంచి బండ్లు తెప్పించి తమ పేర్లతో అమ్మిన అమెరికా కంపెనీలు కూడా ఉండడం గమనార్హం. 1980లో ఆ దారి మూసేశారు. సుబారు సంస్థ బ్రాట్ అనే చిన్న బండి తొట్టిలో వెనక్కి తిరిగి కూర్చునే రెండు ప్లాస్టిక్ సీట్లు బిగించి, అది ప్రయాణికుల వాహనమేనన్నది.

ఇటీవలి ఉదాహరణ ఫోర్డ్ సంస్థది. 2009 నుంచి అది టర్కీలో తయారైన ట్రాన్సిట్ కనెక్ట్ వ్యాన్లను వెనుక సీట్లు, కిటికీలతో సహా అమెరికాకు తెచ్చి, 2.5 శాతం సుంకం కట్టి, రేవు దాటాక సామాను వ్యాన్లుగా అమ్మదలచిన వాటి సీట్లను ఊడదీయించింది. కస్టమ్స్ శాఖ దీన్ని ఎగవేతగా పరిగణించింది. 2019లో అప్పీలు న్యాయస్థానం ప్రభుత్వం వైపే తీర్పు చెప్పింది. 2024లో ఫోర్డ్ 36 కోట్ల 50 లక్షల డాలర్లు చెల్లించడానికి ఒప్పుకొన్నది. ఏ పరిశ్రమను కాపాడడానికి సుంకం నిలిచి ఉన్నదో ఆ పరిశ్రమలోని అగ్రశ్రేణి సంస్థే ఆ సుంకం ఎగవేసిందన్న ఆరోపణకు గురికావడం ఈ కథలోని విశేషం.

సుంకం తప్పించుకోవడానికి నికరమైన మార్గం అమెరికాలోనే కర్మాగారం పెట్టడం. నిస్సాన్ సంస్థ టెనెసీ రాష్ట్రంలోని స్మిర్నాలో స్థాపించిన కర్మాగారం నుంచి 1983లో వెలువడిన తొలి వాహనం పికప్ ట్రక్కే. సుంకాల సమర్థకులు ఇటువంటి ఉదాహరణలనే చూపుతారు. అది కాదనలేని ఫలితం. దాని ఖర్చును అరవై ఏళ్లుగా ట్రక్కు కొనేవారు భరిస్తున్నారన్నది కూడా కాదనలేనిది. పోటీ తక్కువైన ట్రక్కులలోనే లాభం ఎక్కువ కనుక అమెరికా కంపెనీలు వాటివైపే మొగ్గాయి. 2018లో ఫోర్డ్ ఉత్తర అమెరికాలో సెడాన్ కార్లలో చాలావాటిని నిలిపివేస్తున్నట్లు ప్రకటించింది. దానికి ఇతర కారణాలు కూడా ఉన్నా ఈ గోడ ప్రభావాన్ని కొట్టిపారేయలేము.

అదే 2018లో అమెరికా, దక్షిణ కొరియా తమ స్వేచ్ఛా వాణిజ్య ఒప్పందాన్ని సవరించుకొన్నాయి. పాత ఒప్పందం ప్రకారం 2021 నాటికి కొరియా ట్రక్కులపై 25 శాతం సుంకం తొలగిపోవాలి. దానిని 2041 వరకు పొడిగించారు. ఇక కోడి సంగతి. క్లోరిన్ వంటి రసాయనాలతో శుద్ధిచేసిన కోడిమాంసాన్ని ఐరోపా 1997 నుంచి అనుమతించడం లేదు. అమెరికా కోడి ఆ పాత మార్కెట్‌కు మళ్లీ చేరనే లేదు.

ప్రతీకారానికి చిరునామా:

1963 నాటి జాబితా తయారీలో కనిపించిన నేర్పు 2018 నాటికి బాహాటమైంది. అమెరికా ఉక్కుపై 25 శాతం, అల్యూమినియంపై 10 శాతం సుంకం విధిస్తూ జాతీయ భద్రతను కారణంగా చూపింది. ఆ అధికారం 1962 నాటి వాణిజ్య విస్తరణ చట్టంలోని 232వ విభాగం ఇచ్చినది. కెన్నెడీ సుంకాల తగ్గింపు కోసం తెచ్చిన చట్టమది. ఐరోపా సమాఖ్య ప్రతిగా ఎంచుకొన్న సరుకులలో బోర్బన్ విస్కీ, హార్లీ డేవిడ్‌సన్ మోటారు సైకిళ్లు ఉన్నాయి. బోర్బన్‌కు పుట్టిల్లు కెంటకీ. అది సెనేట్‌లో అప్పటి అధికారపక్ష నాయకుడు మిచ్ మెకానెల్ రాష్ట్రం. హార్లీ కేంద్ర కార్యాలయం విస్కాన్సిన్‌లో ఉన్నది. అది ప్రతినిధుల సభ అప్పటి స్పీకర్ పాల్ రయన్ రాష్ట్రం. ఐరోపాకు విస్కీతో గొడవ లేదు. సుంకం ఒక ఉత్తరమైతే దాని మీద రాసిన చిరునామా వాషింగ్టన్‌ది.

చైనా సోయా చిక్కుడును ఎంచుకొన్నది. 2018 జులై 6న అమెరికా 3,400 కోట్ల డాలర్ల విలువైన చైనా సరుకుపై 25 శాతం సుంకం అమలుచేయగా, చైనా అదే రోజు అమెరికా సోయాపై 25 శాతం విధించింది. సోయా పండించే మధ్య పశ్చిమ రాష్ట్రాలు 2016 ఎన్నికలలో డొనాల్డ్ ట్రంప్ గెలుపుకు ముఖ్యమైనవి. అదే నెలలో అమెరికా ప్రభుత్వం రైతులకు 1,200 కోట్ల డాలర్ల వరకు సహాయం ప్రకటించింది, మరుసటి ఏడాది మరో 1,600 కోట్లు. చైనా కొనుగోళ్లు బ్రెజిల్ వైపు మళ్లాయి. 2025లో సుంకాలు మళ్లీ పెరిగినప్పుడు చైనా అదే ఆయుధాన్ని తీసింది. ఆ ఏడాది సెప్టెంబరులో అమెరికా నుంచి చైనాకు సోయా దిగుమతి శూన్యం. ట్రంప్ తొలి పాలనలో చైనాపై వేసిన సుంకాలను జో బైడెన్ ప్రభుత్వం కూడా ఎత్తివేయలేదు. పైగా 2024లో చైనా విద్యుత్ కార్లపై సుంకాన్ని 100 శాతానికి పెంచింది. పక్షం మారినా గోడ మారలేదు.

‘పై’ అనే మాట:

తెలుగు పత్రికలలో ‘భారత్‌పై 50 శాతం సుంకం’ వంటి శీర్షికలు చూస్తాము. ఇందులోని ‘పై’ అనే విభక్తి ప్రత్యయం పాఠకుడిని ఒక పొరపాటు అవగాహనకు నడిపిస్తుంది. బరువు ఎవరి నెత్తిపై పెట్టారో వారే మోస్తారన్న భావం ఆ మాటలో ఉన్నది. వాస్తవంలో అమెరికా రేవులో ఆ సుంకం కట్టేది అమెరికా దిగుమతిదారు. ‘సుంకాల యుద్ధం’ అన్న సమాసంతోనూ ఇదే చిక్కు. యుద్ధంలో ఎవరి ఫిరంగి వారిని కాల్చదు.

దిగుమతిదారు కట్టిన సొమ్ము చివరకు ఎవరి జేబులోనుంచి వస్తుందన్నది వేరే ప్రశ్న. 2018 సుంకాలపై మేరీ అమితి, స్టీఫెన్ రెడ్డింగ్, డేవిడ్ వైన్‌స్టీన్ చేసిన అధ్యయనం ఆ భారం దాదాపు పూర్తిగా అమెరికా కొనుగోలుదారుల మీదే పడిందని తేల్చింది. అయితే అన్ని సరుకులకూ ఇది ఒకేలా వర్తించదు. అమ్మేవాడికి వేరే గిరాకీ లేక, కొనేవాడికి వేరే దుకాణం ఉన్నప్పుడు భారం వెనక్కి, అమ్మేవాడి వైపు దొర్లుతుంది. రొయ్య విషయంలో ఈ ప్రమాదం ఎక్కువ.

ముడిచమురు వివాదం, రొయ్య మీద భారం:

భారతదేశపు రొయ్యలకు అమెరికా అతిపెద్ద మార్కెట్. ఉత్పత్తిలో ఆంధ్రప్రదేశ్‌ది దేశంలో ప్రథమ స్థానం. భీమవరం పరిసరాలలోని చెరువులు దానికి గుండెకాయ వంటివి. అమెరికా ఇప్పటికే 2005 నుంచి ఈ రొయ్యపై యాంటీ డంపింగ్ సుంకం, 2024 చివరి నుంచి సబ్సిడీలకు విరుగుడుగా మరో సుంకం వసూలు చేస్తున్నది. గల్ఫ్ ఆఫ్ మెక్సికో తీరపు వేటగాళ్ల ఫిర్యాదులు వీటి వెనుక ఉన్నాయి. మంచైనా చెడైనా అవి రొయ్య గురించిన వివాదాలు. వాటికి విచారణ ఉన్నది, వాదించే అవకాశం ఉన్నది.

2025 ఆగస్టులో వచ్చినది అటువంటిది కాదు. ఆగస్టు 7 నుంచి భారత సరుకులపై 25 శాతం, ఆగస్టు 27 నుంచి మరో 25 శాతం సుంకం అమలైంది. రెండవ దానికి అమెరికా అధికారికంగా చెప్పిన కారణం భారతదేశం రష్యా ముడిచమురు కొనడం. చమురు కొన్నది శుద్ధి కర్మాగారాలు. దెబ్బ తగిలింది రొయ్యకు, చేనేతకు, వజ్రాల సానకు. భారత్ నుంచి వెళ్లే పెట్రోలియం ఉత్పత్తులకు ఆ సుంకాల నుంచి మినహాయింపు ఉండేది. కోడికీ ట్రక్కుకూ ఉన్న సంబంధమే చమురుకూ రొయ్యకూ ఉన్న సంబంధం.

రష్యా చమురును భారత్ కంటే తక్కువగా కొనని చైనాపై ఆ కారణంతో అదనపు సుంకం పడలేదు. అంతకు నాలుగు నెలల ముందు, ఏప్రిల్‌లో, చైనా సరుకుపై అమెరికా సుంకాలు 145 శాతానికి చేరాయి. చైనా అరుదైన భూమూలకాల ఎగుమతిపై ఆంక్షలు పెట్టింది. మోటార్లకు, ఆయుధాలకు కావలసిన ఆ మూలకాల శుద్ధిలో చైనాదే ప్రపంచాధిక్యం. మే నెలలో జెనీవాలో కుదిరిన అంగీకారంతో ఆ 145 శాతం 30కి దిగింది. ఎదుటివాడు ఆపలేని సరుకు తన చేతిలో ఉన్న దేశానికి ఒక న్యాయం, లేని దేశానికి మరొక న్యాయం. రొయ్య లేకపోతే అమెరికాలో ఏ కర్మాగారమూ ఆగదు. ఈక్వడార్ రొయ్య అప్పటికి 15 శాతం సుంకంతోనే అక్కడికి చేరుతున్నది.

సుంకం రాజకీయం కాకుండా ఎన్నడైనా ఉన్నదా అని అడగవచ్చు. లేదనే చెప్పాలి. కాకతీయ గణపతిదేవుడు 1244లో వేయించిన మోటుపల్లి అభయశాసనం కూడా రాజకీయ నిర్ణయమే. తుపానుకు దెబ్బతిని ఒడ్డుకు చేరిన ఓడల సరుకును పూర్వరాజులు స్వాధీనం చేసుకొనేవారని, ఇకపై నిర్ణీత శుల్కం తప్ప మరేమీ తీసుకోబోమని ఆ శాసనం సముద్ర వర్తకులకు మాట ఇచ్చింది. ఆ శుల్కం ముప్పయ్యో వంతు. అందులో ముఖ్యమైనది తక్కువ రేటు మాత్రమే కాదు. ఓడ బయలుదేరినప్పుడున్న రేటే ఓడ చేరినప్పుడు కూడా ఉంటుందన్న హామీ అసలు విషయం. వర్తకుణ్ణి రప్పించడానికి రాతిలో చెక్కించవలసినంత విలువ ఆ హామీకి ఉన్నదని ఆ రాజు గుర్తించాడు.

వనామి రొయ్య పిల్లను చెరువులో వేసిన తరువాత పట్టుబడికి సుమారు మూడు నుంచి నాలుగు నెలలు పడుతుంది. 2025 ఏప్రిల్ 2న అమెరికా భారత్ పేరిట 26 శాతం ప్రకటించింది. వారం తిరిగేసరికి దాన్ని వాయిదా వేసి 10 శాతంతో సరిపెట్టింది. ఆ 10 శాతాన్ని చూసి మే నెలలో పిల్ల వేసిన రైతు చెరువు ఆగస్టు చివరికి పట్టుబడికి వచ్చేసరికి సుంకం 50 శాతం. అప్పటికి మేత ఖర్చయిపోయింది, కరెంటు బిల్లు కట్టాలి, లీజు సొమ్ము ముందే ఇచ్చేశాడు. రొయ్యను చెరువులో ఇంకొన్నాళ్లు ఉంచితే కౌంట్ మెరుగవుతుంది, అంటే కిలోకు తూగే రొయ్యల సంఖ్య తగ్గి ధర పెరుగుతుంది. కాని వైట్ స్పాట్ వంటి జబ్బు భయం కూడా పెరుగుతుంది. అందువల్ల చిన్న సైజులోనే వల వేసి, ఆ రోజు ప్రాసెసింగ్ ప్లాంటు పలికిన ధరకు అప్పగించడం తప్ప అతనికి ఎంచుకోవడానికి మిగిలింది తక్కువ.